దుకాణాల అలంకరణ లైట్లు: రకాన్ని నిషేధించాలా, వెలుగును కొలవాలా? నలుగురి చర్చ

తూనిక
కిటికీల చుట్టూ, కప్పు అంచుల వెంట ఎల్ఈడీ స్ట్రిప్ వేయకూడదని కొన్ని పురపాలక నిబంధనలు రకాన్నే నిషేధిస్తాయి. అది తప్పుదారి అంటాను. అదే స్ట్రిప్‌ను కార్నిస్ (గోడ పైభాగాన ముందుకు పొడుచుకొచ్చిన అంచు) వెనక దాచి గోడ మీదికి తిప్పితే ఎవరికీ బాధ ఉండదు. నిషేధంలో లేని ఫ్లడ్‌లైటును ఎదురింటి కిటికీ వైపు తిప్పితే మాత్రం ఆ ఇంట్లో నిద్ర ఉండదు. సీఐఈ అనే అంతర్జాతీయ దీపన కమిషన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకంలో అంకెలు ఉన్నాయి: పక్కవారి కిటికీ మీద పడే వెలుగు నగర కేంద్రాల్లో 25 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత), రాత్రి నిర్ణీత వేళ దాటాక 5; శివారు ప్రాంతాల్లో 10, ఆ తర్వాత 2. వాటిని నిబంధనలోకి తెచ్చుకుంటే సరి.

గస్తీ
కాగితం మీద బాగానే ఉంది. స్ట్రిప్ ఉందో లేదో పట్టపగలే కనిపిస్తుంది, ఫొటో తీసి నోటీసు ఇవ్వొచ్చు. లక్స్ కొలవాలంటే సిబ్బంది రాత్రి వెళ్లాలి, మీటరు సరిగ్గా చూపుతోందనే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. అన్నీ చేసినా ‘అది వీధి దీపం వెలుగు, మాది కాదు’ అంటారు.

తూనిక
వీధి దీపం గొడవ తీర్చడం తేలికే. సెన్సర్‌ను కిటికీ అద్దానికి సమాంతరంగా, ముఖం బయటికి ఉండేలా నిలువుగా పట్టాలి. లైట్లు వెలిగించి ఒక రీడింగ్, ఆర్పించి ఇంకో రీడింగ్. 9, 6 వస్తే దుకాణం వాటా 3 లక్స్. రంగులు మారే లైట్లయితే కంట్రోలర్‌ను అత్యధిక వెలుగు ఇచ్చే ప్రోగ్రామ్‌లో పెట్టించి కొలవాలి, లేకపోతే తనిఖీ పూట మాత్రం డిమ్మర్ తగ్గించి ఉంచుతారు. వాన వెలిసిన వెంటనే వద్దు, తడి రోడ్డు ప్రతిఫలనం అంకెను మార్చేస్తుంది. ఫోన్ యాప్ రీడింగ్ పట్టుకొని నోటీసు ఇవ్వడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

వైర్‌మ్యాన్
మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. ఊరికే అతికించిన స్ట్రిప్ వల్ల కిటికీ దగ్గర 1 లక్స్ కూడా రాకపోవచ్చు. అయినా కళ్లు చెదురుతాయి, ఎందుకంటే వెలుగంతా చిన్న చుక్కలోంచి నేరుగా కంట్లో పడుతోంది. లక్స్ మీటరు దాన్ని పట్టదు. అందుకే ‘రోడ్డు మీంచి గానీ పక్క భవనం నుంచి గానీ డయోడ్ (స్ట్రిప్‌లోని ఒక్కో చిన్న దీపం) నేరుగా కనిపించకూడదు’ అన్న ఒక్క వాక్యం ఉండాలి. గస్తీ గారికి కావలసినట్టు దాన్ని కంటితోనే తేల్చవచ్చు.

పాటించడమూ కష్టం కాదు: అల్యూమినియం ఛానల్, దానికి వెలుగును సమంగా పరిచే పాల రంగు మూత, అంటే డిఫ్యూజర్. మీటరు పొడవుకు 60 డయోడ్లుంటే వాటి మధ్య ఎడం సుమారు 17 మిల్లీమీటర్లు. డయోడ్ నుంచి డిఫ్యూజర్‌కు కనీసం అంత లోతైనా ఉండాలి, లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. లోతు తక్కువైతే మీటరుకు 120 ఉన్న స్ట్రిప్ తీసుకొని డిమ్ చేయాలి. ఇక్కడ చవక డిమ్మర్ వద్దు. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆన్-ఆఫ్ చేసి వెలుగు తగ్గిస్తుంది కాబట్టి చూపు తిప్పినప్పుడల్లా మినుకు తెలుస్తుంది.

గోడ రంగు కూడా చూడండి. 100 లక్స్ పడినప్పుడు 70 శాతం ప్రతిఫలించే తెల్ల గోడ చదరపు మీటరుకు 22 క్యాండెలాలతో (కంటికి కనిపించే మెరుపుకు కొలత) మెరుస్తుంది, 20 శాతం ప్రతిఫలించే ముదురు గోడ 6తో. ఎన్ని వాట్ల లైటు అని నిబంధన రాస్తే ఈ తేడా ఎక్కడా కనిపించదు.

చుక్కలచూపు
రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. రంగు ఉష్ణోగ్రత 3000 కెల్విన్‌కు మించకూడదని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ కొలత తెల్లని వెలుగు పసుపు వైపుందా నీలం వైపుందా అని చెప్పడానికే పనికొస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపే ఆర్‌జీబీ స్ట్రిప్‌లో ముదురు నీలం పెట్టినవాడు దర్జాగా తప్పించుకుంటాడు. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న నీలం గాలి అణువుల వల్ల 600 దగ్గరి నారింజ కంటే మూడు రెట్లు ఎక్కువ చెదురుతుంది, రాత్రి ఆకాశం నల్లగా ఉండక తెల్లబారడానికి అదొక కారణం. నీలానికి విడిగా ఆర్పే వేళ పెట్టాలి. సిగ్నల్ స్తంభాల వెనక ఎరుపు, ఆకుపచ్చ అసలే వద్దు.

గస్తీ
డయోడ్ కనిపించకూడదన్న వాక్యం నాకు సమ్మతమే. దానికి ఆర్పే వేళ కూడా కలపండి. ఫ్రాన్స్‌లో 2013 జూలై 1 నుంచి భవనాల ముఖభాగాల లైట్లు రాత్రి ఒంటి గంటకల్లా ఆర్పాలి. తనిఖీకి గడియారం చాలు. లక్స్ కొలత ఫిర్యాదు వచ్చినప్పుడే.

వైర్‌మ్యాన్
వేళ పెడితే టైమర్‌కు బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి చేయండి. బ్యాకప్ లేని టైమర్‌లో కరెంటు పోయి వస్తే గడియారం తప్పుతుంది, లైట్లు పగలు వెలుగుతాయి. చీకటి పడగానే లైటు వేసే ఫోటోసెల్ పెడితే తన లైటు తనకే కనిపించని చోట బిగించాలి, లేదంటే రాత్రంతా వెలిగి ఆరుతూనే ఉంటుంది.

తూనిక
ఫిర్యాదు వస్తేనే కొలుస్తామంటే ఒప్పుకోను. అద్దెకున్నవాళ్లు కింద దుకాణం నడిపే ఇంటి ఓనరు మీద ఫిర్యాదు చేస్తారా? కొత్త లైట్లకు అనుమతి ఇచ్చే ముందే ఒక రాత్రి కొలత తప్పనిసరి చేయండి. పాతవాటికి గడువిచ్చి ముందు డిమ్ చేయమనండి. వెలుగు సగానికి తగ్గినా చూసేవారికి సగం తగ్గినట్టు అనిపించదు, కాబట్టి వ్యాపారం దెబ్బతింటుందన్న వాదనకు బలం లేదు.