మా అపార్ట్‌మెంటులో షుగరు, బీపీ ఉన్నవాళ్లకు నడక అలవాటు చేయించడం ఎలా?

ప్రశ్న: అసోసియేషన్ కార్యదర్శి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. 48 ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిని. నా వయసు 57, షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. కిందటి నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం పేరుతో బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడక ఏర్పాటు చేశాం. టోపీలు పంచాం, బ్యానరు పట్టుకుని ఫొటోలు దిగాం, అరవై మందికి పైగా వచ్చారు. మరుసటి ఆదివారం పదకొండు మంది వచ్చారు, నెల తిరిగేసరికి నలుగురం మిగిలాం. ఆ నలుగురూ మొదటి నుంచీ నడక అలవాటున్నవాళ్లే కాబట్టి, టోపీల ఖర్చు తప్ప మేము సాధించింది ఏమీ లేదని ఒప్పుకోక తప్పదు.

దీనికి తోడు ఇంకొకటి జరిగింది. మా మూడో అంతస్తులో ఉండే పెద్దాయన, వయసు 66, ఉదయం మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మాతో నడకకు వచ్చారు. ఇరవై నిమిషాలు నడిచాక మాట తడబడింది, చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది, గట్టు మీద కూలబడ్డారు. టీ కొట్టు అతను పంచదార ఎక్కువ వేసిన టీ ఇస్తే పది పదిహేను నిమిషాలకు తేరుకున్నారు. ఆ తరువాత వాళ్ల ఇంట్లోవాళ్లు ఆయనను గేటు దాటనివ్వడం లేదు, మిగతావాళ్లకు కూడా అదొక సాకుగా దొరికింది.

రానివాళ్లను అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో కారణం. ఆడవాళ్లు పొద్దున్న వంట, పిల్లల బడి అంటారు, పెద్దవాళ్లు మోకాళ్లు అంటారు, ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్లు షిఫ్టులు అంటారు. ఇవన్నీ బద్ధకం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. ఎవరికి ఏది సరిపడుతుందో, ఏది ప్రమాదమో తెలిసినవారు వివరంగా రాస్తే వచ్చే సర్వసభ్య సమావేశంలో పెడతాను.

జవాబు 1: ఫిజియోథెరపిస్టు, మర్రిపాలెం

కార్యదర్శి గారికి, ముందుగా ఆ పెద్దాయన సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా భయమంతా అక్కడి నుంచే పుట్టింది. ఆయన వేసుకున్నది గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర అయి ఉంటుందని నా అనుమానం. ఆ జాతి మాత్రలు, ఇన్సులిన్, తిన్నా తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటాయి. నడిచే కండరం కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, దానికి ఇన్సులిన్ సాయం కూడా అవసరం లేదు. ఖాళీ కడుపు మీద ఈ రెండూ కలిస్తే చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి సాధారణంగా ఈ బెడద ఉండదు. కాబట్టి మీ సంఘంలో ఎవరెవరు ఏ మాత్రలు వాడుతున్నారో వాళ్ల చేతే ఒక చీటీ మీద రాయించి, మాత్ర వేళ గానీ మోతాదు గానీ మార్చాలా అని వాళ్ల డాక్టరునే అడిగి రమ్మనండి. సొంతంగా మాత్ర మానేసి నడకకు రావడం ఇంకొక తప్పు.

మన ఊరికి సంబంధించిన చిక్కు ఒకటుంది. చక్కెర పడిపోతే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది అని అందరికీ తెలుసు. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవారిలో ఆ వణుకు, దడ పైకి కనబడకపోవచ్చు, పైకి మిగిలే ముఖ్యమైన ఆనవాలు చెమటే. మే నెలలో విశాఖ ఉక్కలో ఆరోగ్యవంతుడికి కూడా చొక్కా పిండితే నీళ్లు కారతాయి కదా, ఇక దాన్ని చూసి ఏం పోల్చుకుంటాం? అందువల్ల జట్టులో ఒకరి జేబులో గ్లూకోమీటరు, అందరి జేబుల్లో పంచదార పొట్లం ఉండాలి. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గానీ కావాలి. ఓ మోస్తరు అంటే పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం. బీచ్ రోడ్డులో రాజకీయాలు మాట్లాడుకుంటూ సాగే నడకలు చాలావరకు ఈ వేగాన్ని అందుకోవని నా అభిప్రాయం, అయినా ఇంట్లో కూర్చోవడం కన్నా అవే నయం. షుగరు ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి నడక మానకూడదు, ఎందుకంటే ఒకసారి నడిచిన మేలు కండరంలో ఒకటి రెండు రోజులు నిలిచి తరువాత కరిగిపోతుంది. ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు నడిచి వారమంతా కూర్చునే మీ పద్ధతి షుగరుకు పనికిరానిది ఇందుకే.

నడక ఒక్కటే చాలదు కూడా. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బరువు పెట్టే వ్యాయామం చేయాలి. మోకాళ్ల నొప్పి అనేవారికి నేను మొదట చెప్పేది నడక కాదు, కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి లేచి నిలబడి, ధబీమని కూలబడకుండా నెమ్మదిగా కూర్చోవాలి. అలా పదిసార్లు, కాస్త ఆగి ఇంకో పదిసార్లు. మొదట్లో చేతులు కట్టుకుని లేవలేకపోతే కుర్చీలో దిండు వేసుకుని ఎత్తు పెంచుకోవచ్చు. తొడ ముందుభాగం కండరం గట్టిపడిన కొద్దీ మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు విడవకుండా చేసినవాళ్లలో చాలామంది మెట్లెక్కడం తేలికైందని నాతో చెప్పారు. అరిగిన కీలు మళ్లీ పెరుగుతుందని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

పాదాలు తిమ్మిరెక్కేవారు ఇసుకలో ఉత్తకాళ్లతో నడవకూడదు. గవ్వ ముక్క గుచ్చుకున్నా వాళ్లకు తెలియదు. కంటి రెటీనాలో రక్తస్రావం ఉందని చెప్పించుకున్నవారు బరువులెత్తే ముందు కంటి డాక్టరును అడగాలి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టుండి, ఆగితే తగ్గేవారు నడక ఆపి ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి.

జవాబు 2: గృహిణి, గాజువాక

నేను డాక్టరును కాను, నా అనుభవం మాత్రమే రాస్తున్నాను. మా ఇంట్లో అందరూ అనే మాట, రోజంతా పని చేసే ఆడదానికి మళ్లీ నడకెందుకని. నేనూ అదే నమ్మాను, 44 ఏళ్లకు షుగరు బయటపడేదాకా. ఆలోచిస్తే నా పనిలో నిలబడడం, వంగడం ఎక్కువ, ఊపిరి వేగం పెరిగే పని తక్కువ. పిండి రుబ్బే రోలు పోయి గ్రైండరు వచ్చింది, బట్టలు మిషను ఉతుకుతుంది, నీళ్లు కుళాయిలో వస్తాయి, అలసట మాత్రం మిగిలింది.

పొద్దున్న ఐదున్నరకు పార్కుకు రమ్మంటే నాలాంటివాళ్లు ఎన్నటికీ రారు. నేను చేసిందల్లా రాత్రి భోజనం అయ్యాక గిన్నెలు అలాగే సింకులో వదిలేసి మేడ మీద 15 నిమిషాలు నడవడం. ఆ గిన్నెలు వదిలేయడమే అన్నిటికన్నా కష్టమైంది, మా అత్తగారికి నచ్చజెప్పడానికి వారం పట్టింది. ఇప్పుడు ఆవిడ కూడా కర్ర పట్టుకుని నాలుగు చుట్లు తిరుగుతారు. నడిచిన రాత్రులు, నడవని రాత్రులు భోజనమైన రెండు గంటలకు షుగరు చూసుకుని ఒక నోటు పుస్తకంలో రాశాను, నడిచిన రాత్రులు 30, 40 తక్కువగా కనిపించింది. అన్నం అంతే తిన్నాను, కూర అదే.

ఫిజియోథెరపిస్టు గారూ, ఇలా పదిహేనేసి నిమిషాలు చేస్తే ఆ 150లో కలుస్తాయా?

జవాబు 3: ఫిజియోథెరపిస్టు, మర్రిపాలెం

కలుస్తాయి, అమ్మా. ఒకప్పుడు కనీసం 10 నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనేవారు, 2020 సూచనల్లో ఆ షరతు కూడా తీసేశారు. మీరు కనిపెట్టిన విషయాన్నే న్యూజిలాండ్‌లో టైప్ 2 మధుమేహం ఉన్నవారి మీద పరీక్షించి 2016లో ప్రచురించారు. రోజులో ఏదో ఒకప్పుడు అరగంట నడవడం కన్నా, మూడు పూటలా తిన్న తరువాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర చక్కెర ఇంకా తగ్గింది, రాత్రి భోజనం తరువాత ఆ తేడా మరీ స్పష్టంగా కనబడింది. రాత్రిపూట మనం అన్నం ఎక్కువ తిని, తిన్న వెంటనే టీవీ ముందు కూర్చుంటాం కాబట్టి మన ఇళ్లకు ఇది బాగా వర్తిస్తుంది. తిన్నాక నడిచేవారికి ఖాళీ కడుపు ప్రమాదం కూడా చాలా తగ్గుతుంది. ఆ పెద్దాయన ఇంట్లోవాళ్లకు ఈ మాట చెప్పి చూడండి.

జవాబు 4: రిటైరైన సిటీ బస్సు కండక్టరు, గోపాలపట్నం

పై ఇద్దరూ షుగరు వచ్చినవాళ్ల గురించి రాశారు, రానివాళ్ల గురించి నేను కొంచెం రాస్తాను. నేను 31 ఏళ్లు సిటీ బస్సుల్లో కండక్టరుగా చేశాను. కిక్కిరిసిన బస్సులో ముందు మెట్టు నుంచి వెనక మెట్టుకు, మళ్లీ ముందుకు, రోజుకు ఎన్నిసార్లు తిరిగేవాడినో లెక్కలేదు. నా జతగాడు డ్రైవరు సీట్లోంచి కదిలేవాడు కాదు, 49 ఏళ్లకే గుండెకు స్టెంట్ వేశారు. ఒక్క మనిషిని చూసి నిర్ణయానికి రాకూడదని తెలుసు గానీ, ఇదే విషయాన్ని లండన్ బస్సుల్లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లెక్కగట్టి 1953లో బయటపెట్టారని మా అబ్బాయి చదివి చెప్పాడు. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా గుండెజబ్బు తక్కువగా వచ్చిందట. రిటైరయ్యాక నేను కూడా డ్రైవరునే అయ్యాను, సీటు మాత్రం ఇంట్లో సోఫా. రెండేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను, పరగడుపు చక్కెర 114కి వచ్చింది.

మందు రాస్తారేమో అనుకుంటే డాక్టరు గారు మద్రాసులో జరిగిన పరిశోధన గురించి చెప్పారు. నాలాగా హద్దు మీద ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్లు గమనించి 2006లో ప్రచురించారట. ఏ జోక్యం లేనివారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది, రోజూ కనీసం అరగంట చురుగ్గా నడుస్తూ తిండి సరిచేసుకున్నవారిలో 39 మందికి వచ్చింది. నడిచిన 39 మందికీ వచ్చిందిగా అని మా ఆవిడ అడిగింది. నిజమే, నడక హామీ పత్రం కాదు. కానీ ఆ తేడా పదహారు మందిలో నేనొకడినైతే చాలు అనుకున్నాను.

కార్యదర్శి గారికి నా సలహా ఒకటే. నవంబరులో టోపీలు పంచే బదులు గిరి ప్రదక్షిణ పెట్టుకోండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలై హనుమంతవాక, అప్పుఘర్, మీ ఎంవీపీ మీదుగా, మాధవధార, మా గోపాలపట్నం దాటి మళ్లీ కొండ కిందికి. అప్పన్న మొక్కు అంటే రానివాడు ఉండడు. ఏడాదంతా కాలు కదపకుండా ఆ ఒక్కరోజు నడిచి వారం మంచం పట్టేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఉగాది నుంచి మొదలుపెట్టి వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచుకుంటూ పోతే, ప్రదక్షిణకు సిద్ధం కావడమే ఒక వ్యాయామం అవుతుంది. నేను రెండేళ్లుగా ఇలాగే చేస్తున్నాను. మొదటి ఏడు దారి మధ్యలో, మాధవధార దగ్గర ఆగిపోయి ఆటో ఎక్కాను, సిగ్గుపడలేదు.

జవాబు 5: ఫర్నేసు ఉద్యోగి, కూర్మన్నపాలెం

రాత్రంతా సి షిఫ్టు చేసి ఉదయం ఆరుకు బయటపడ్డవాడిని ఏడు గంటలకు నడవమనడం అన్యాయం. మాకు నిద్రే మొదటి మందు. నేను షిఫ్టు ఏదైనా క్యాంటీన్‌లో తిన్న తరువాత పది నిమిషాలు, నిద్ర లేచాక ఇరవై నిమిషాలు అని పెట్టుకున్నాను. గడియారం చూడను, తిండీ నిద్రా చూసుకుంటాను. బీపీ మాత్ర ఇంకా ఉంది, మోతాదు మాత్రం పెరగలేదు.

కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

అందరికీ కృతజ్ఞతలు. నా పొరపాటు నాకు కనబడింది. అందరినీ ఒకే వేళకు ఒకే చోటికి రప్పించాలని చూశాను. మా మేడ తాళం నీళ్ల ట్యాంకుల భద్రత పేరుతో వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఎవరూ అడగరు, ఎవరికీ ఇవ్వరు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచాలని తీర్మానం పెడతాను. పెద్దాయన ఇంటికి నిన్న వెళ్లాను. వాళ్ల కోడలు అన్నీ విని, డాక్టరుతో మాట్లాడి వచ్చాక, తిన్న తరువాత మేడ మీదైతే తనే వెంట తీసుకెళ్తానంది. గిరి ప్రదక్షిణ జట్టుకు ఇప్పటికి తొమ్మిది పేర్లు వచ్చాయి. వారిలో ఇద్దరు చెప్పులు లేకుండా నడుస్తామని మొక్కుకున్నారు, ఇద్దరికీ షుగరు ఉంది. వారికి ఏం చెప్పాలి?

ఫిజియోథెరపిస్టు, మర్రిపాలెం

ముందు వారి పాదాలకు స్పర్శ పరీక్ష చేయించండి, షుగరు డాక్టరు దగ్గర సన్నని నైలాను పోగుతో రెండు నిమిషాల్లో అయిపోతుంది. స్పర్శ తగ్గి ఉంటే చెప్పులు లేని నడక వద్దే వద్దు, మొక్కును వేరే రూపంలో తీర్చుకోమనండి. మేడ మీద మెట్ల దగ్గర ఒక లైటు పెట్టించండి, పిట్టగోడ నడుము కన్నా కింద ఉంటే ఆ వైపు నడవకుండా కుండీలు అడ్డం పెట్టించండి.