నొప్పులతో ఉన్నదాన్ని, పిల్లిని తెచ్చుకోవచ్చా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి నాలుగు నెలలైంది. మూడేళ్ల నుంచి కీళ్లవాతం ఉంది, దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటాను. మా ఆయన షిఫ్టుకు పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. కుక్కనో పిల్లినో తెచ్చుకుంటే మనసుకు బాగుంటుందనిపిస్తోంది. కానీ చేతులు పట్టేసిన రోజు దాన్ని ఎట్లా చూసుకోవాలని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

—

చెల్లె, మాది సుబేదారి. ఈ దేశం వచ్చి పదకొండేళ్లు. నీకున్న జబ్బే నాకూ ఉంది, ఇంట్లో ఒక పిల్లి కూడా ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపికగా చదువు.

మా వాడలో రాజు అని ఒక కుక్క ఉండేది. అది ఎవరిదంటే ఎవరూ చెప్పలేరు. పొద్దున మా అమ్మ సద్దన్నం పెట్టేది, మధ్యాహ్నం ఎదురింటి అత్తమ్మ రొట్టె ముక్క వేసేది, రాత్రి కిరాణం కొట్టాయన బిస్కెట్లు వేసేవాడు. ఒకసారి అమ్మకు మోకాళ్లు వాచి వారం రోజులు గడప దాటలేదు. ఆ వారం రాజు ఒక్క పూట కూడా పస్తు లేదు. మనకు జంతువుల మీద ప్రేమ పుట్టింది అట్లాంటి వాడల్లోనే. ఇక్కడ ఆ వాడ ఉండదు. తిండి, నీళ్లు, పిల్లి దొడ్డికి పోయే ట్రేలో మట్టి తీయడం, డాక్టరు, అన్నీ నీ రెండు చేతుల మీదే పడతాయి. అందుకే ముందు వాడను కూడగట్టుకో, పిల్లి సంగతి ఆ తర్వాత.

వాడ అంటే పెద్దదేం కాదు. నువ్వు లేవలేని రోజు నీ ఇంటి తాళం చేతికిచ్చి "దానికింత తిండి పెట్టు అక్కా" అని మొహమాటం లేకుండా అడగగలిగే మనుషులు ఇద్దరు. ఒక్కరుంటే సరిపోదు, సరిగ్గా నీకు అవసరమైనప్పుడే ఆ ఒక్కరు ఊరికి పోయి ఉంటారు. మీ ఆయన్ని ఈ లెక్కలో వేయకు, షిఫ్టులో ఉంటాడని నువ్వే అన్నావు. నాలుగు నెలలకు ఆ ఇద్దరు దొరకకపోతే నీ తప్పేం లేదు, ఇంకో ఆర్నెల్లు ఆగు.

ఇక నొప్పి ఎక్కువైన పొద్దు ఎట్లుంటుందో చెప్తా. ఆరు గంటలకు పిల్లి వచ్చి తలగడ పక్కన కూర్చుంటుంది. నాకు వేళ్లు ముడుచుకోవు. తిండి డబ్బా మూతకుండే రింగు కింద గోరు పెట్టి లేపాలి, అది నా వల్ల కాదు. మొదటి చలికాలంలో ఒక రోజు చెంచా కాడతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి, నేల మీద కూర్చుని ఏడ్చాను. అది నా మోకాలికి తల ఆనించి ఎదురుచూసింది. ఇప్పుడు పొడి తిండిని వెడల్పు మూతి డబ్బాలో పోసి, మూత బిగించకుండా పైన పెడతాను. మట్టి ట్రేను పొట్టి బల్ల మీద పెట్టాను, పిల్లి ఎగిరి ఎక్కుతుంది, నేను వంగే పని లేదు. మట్టి సంచులు చిన్నవే తెప్పిస్తాను, పది కిలోల సంచి ఎత్తలేను.

మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నావు కాబట్టి ఇది గట్టిగా పట్టించుకో. ఆ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. పిల్లి మలంతో టాక్సోప్లాస్మా అనే క్రిమి రావచ్చు. అది బయటికొచ్చాక ఒకటి నుంచి ఐదు రోజులకు గానీ అంటుకునే స్థితికి రాదు, కాబట్టి ట్రే రోజూ శుభ్రం చేయాలి. కుదిరితే మీ ఆయనే చేయాలి, నువ్వు చేస్తే గ్లవ్స్ వేసుకో. పిల్లికి పచ్చి మాంసం పెట్టకు. కరిచినా గీరినా వెంటనే కడిగి డాక్టరుకు చూపించు. తెచ్చుకునే ముందు మీ రుమటాలజీ (కీళ్లవాతం చూసే) నర్సుకు ఫోన్ చేసి అడుగు.

రెండో భయం మన గోళీలు. మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం పోవడానికి. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ కుక్కకూ పిల్లికీ రెండింటికీ విషమే. వేళ్లు పట్టనప్పుడు గోళీ జారి మంచం కింద పడుతుంది, పడ్డట్టు మనకు తెలియను కూడా తెలియదు. రాసుకునే క్రీములూ అంతే. ఫ్లర్బిప్రొఫెన్ ఉన్న నొప్పి క్రీము యజమానులు ఒంటికి రాసుకుంటే ఇంట్లో పిల్లులు చనిపోయాయని 2015లో అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నా విషయంలో అది డైక్లోఫెనాక్ జెల్. కణుపులకు రాసుకుని టీవీ ముందు కూర్చున్నా, పిల్లి వచ్చి రెండుసార్లు ఆ చేతిని నాకింది. రాత్రికి రాత్రి, జంతువులు విషం తింటే సలహా చెప్పే యానిమల్ పాయిజన్‌లైన్‌కు ఫోన్ చేసి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు, బతికింది. అప్పటి నుంచి జెల్ రాసుకుంటే చేతికి పల్చటి గ్లవ్, పిల్లి గది బయట. గోళీలు మంచం మీద కాదు, పళ్లెంలో పెట్టుకుని వేసుకుంటా. వంటింట్లో కూడా జాగ్రత్త, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన పప్పు దానికి పెట్టొద్దు.

డబ్బు సంగతి. ఇక్కడి ప్రభుత్వ వైద్యం ఎన్‌హెచ్‌ఎస్ మనుషులకే, జంతువుల డాక్టరు ఖర్చంతా మనదే. ఇన్సూరెన్స్ తీసుకో, కానీ ముందే ఉన్న జబ్బుకు వాళ్లు ఇవ్వరు. పీడీఎస్‌ఏ లాంటి జంతువుల సేవా సంస్థలు కొన్ని రకాల ప్రభుత్వ సాయం అందుకునేవాళ్లకే తక్కువ ఖర్చుకు వైద్యం చేస్తాయి, మనలాంటి వీసాల మీద సాధారణంగా ఆ సాయమే రాదు. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పిల్లికి మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) తప్పనిసరి. ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం మీద తీసుకో, నోటిమాట వద్దు.

ఒకేసారి తెచ్చేసుకోకుండా ముందు ఫోస్టర్ చేసి చూడు, అంటే సంస్థ పిల్లిని కొన్నాళ్లు మాత్రం నీ ఇంట్లో ఉంచుకోవడం. క్యాట్స్ ప్రొటెక్షన్ అనే పిల్లుల సంస్థలో తిండి, మట్టి, డాక్టరు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. నీ జబ్బు సంగతి చెప్పి, పెద్ద వయసు పిల్లిని అడుగు. కూన వద్దు, కాళ్ల మధ్య తిరిగి పడేస్తుంది. కుక్క అయితే నీకు ఇప్పుడు వద్దనే అంటా. డిసెంబరులో నాలుగింటికే చీకటి, నేల మీద మంచు, అది ఒక్కసారి తాడు లాగిందంటే భుజం పోతుంది.

—

అక్క చెప్పిన చివరి మాటకు నాది వేరే అనుభవం. మాది కాజీపేట, ఇప్పుడు బర్మింగ్‌హామ్. నాకు నడుం డిస్క్ నొప్పి. పరుగు పందేల నుంచి రిటైరైన గ్రేహౌండ్ కుక్కను తెచ్చుకున్నాను, రోజులో ఎక్కువ సేపు పడుకునే ఉంటుంది. దాని కోసమైనా బయటికి నడుస్తున్నాను, డాక్టర్లు కూడా కదులుతూ ఉండమనే చెప్పారు. కానీ మా తమ్ముడు ఇదే ఇంట్లో ఉంటాడు. వాడు లేకపోతే నేనూ తెచ్చుకునేవాణ్ని కాదు.

—

అక్కా, అన్నా, థాంక్స్. మా కింది ఫ్లాట్‌లో ఒక గుజరాతీ ఆంటీ ఉన్నారు, రోజూ పలకరిస్తారు. ఆమెను అడగొచ్చంటారా? రెండో మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.

—

అడుగు చెల్లె, కానీ పిల్లి గురించి కాదు. ముందు ఒక రోజు సకినాలు పట్టుకుని పో. రెండో మనిషిని నేనే అనుకో, మా ఇల్లు నీకు బస్సులో పావుగంట. శనివారం ఇద్దరూ రండి, మా పిల్లితో మధ్యాహ్నమంతా కూర్చో. ట్రే శుభ్రం చేయడం మీ ఆయనకు చూపిస్తా.