వేలిముద్ర పడదు, ఓటీపీ వచ్చే ఫోన్ లేదు, ఏం చేయాలి?

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయ్యాక ఫీల్డ్‌లో ఇదే మొదటి ఏడాది నాకు. ఒక అవ్వకి 70 దాటాయి, జీవితమంతా మిరపకాయలు కోసిన చేతులు, రేషన్ షాపు మిషన్ మీద ఐదుసార్లు వేలు పెట్టినా పడలేదు, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది పాపం. ఆధార్‌కి లింకైన నంబర్ కొడుకుది, అతనేమో బెంగళూరులో పనిలో ఉండి ఫోన్ ఎత్తడు. నీ నంబరే ఇచ్చేయ్ నాయనా అంటోంది. ఇవ్వొచ్చా?

— వద్దు తమ్ముడూ! నేనిలాగే ఇచ్చి ఇరుక్కున్నా. నలుగురి ఓటీపీలు నాకే వచ్చేవి, రేపు డబ్బులు అటూ ఇటూ అయితే ముందు మననే అడుగుతారు. పక్కింటి మనవరాలిదైనా పర్లేదు గానీ మనది వద్దు.

— ఐరిస్ మిషన్ (కంటిపాపని స్కాన్ చేసేది) ఉందేమో అడగండి. వేలిముద్ర పడలేదని రేషన్ ఆపకూడదని, ఐరిస్, ఓటీపీ కూడా కుదరకపోతే రిజిస్టర్‌లో రాసి ఇవ్వాలని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ 2017 అక్టోబర్ 24నే సర్క్యులర్ ఇచ్చింది. ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి, నోటిమాటకి డీలర్లు కదలరు. తర్వాత తీరిగ్గా ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి.

— ఉపాధి హామీలోనూ ఇదే గోల. 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే కదా, రోజుకి రెండు ఫొటోలు. మేట్ (పని దగ్గర హాజరు వేసేవాళ్లు) ఫోన్ మొరాయిస్తే ఎండలో మట్టి తవ్వినోళ్ల కూలి గోవిందా.

— థ్యాంక్స్ అక్కా, అన్నా. ప్రింట్ తీశా, సోమవారం అవ్వతో షాపుకి పోతున్నా.