గురుత్వ స్థిరాంకం నిజంగా స్థిరమేనా?

గోదారిగట్టు:
టెన్త్‌లో గురుత్వ స్థిరాంకం (రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఎంత బలంగా లాక్కుంటాయో తేల్చే సంఖ్య) విలువ బట్టీ పట్టాం, విశ్వంలో ఎక్కడైనా ఎప్పుడైనా అదే అన్నారు. మరి 2010లో అమెరికా వాళ్లు ప్రకటించింది 6.6723, 2013లో ఫ్రాన్స్‌లో తేల్చింది 6.6755 (పది మైనస్ పదకొండో ఘాతం రాయట్లేదు). ఒకరు చెప్పిన లోపం హద్దు ఇంకొకరి విలువ దగ్గరికి కూడా రాదు. భూమ్మీదే లెక్క తేలనిది, కోట్ల కాంతి సంవత్సరాల అవతల కూడా ఇంతేనని ఎలా నమ్మాలి? విశ్వం వయసు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుందని 1937లో డిరాక్ అంతటి భౌతిక శాస్త్రవేత్తే అన్నాడు కదా.

లెక్కలపిచ్చి:
మీరు రెండు విషయాలు కలిపేస్తున్నారండీ. విలువ సరిగ్గా తెలియకపోవడం వేరు, విలువ మారడం వేరు. గుండ్ల మధ్య గురుత్వపు లాగుడు కొలిచిన 1798 నాటి ప్రయోగంలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త కావెండిష్ ఒక్కోటి 158 కిలోల సీసపు గుండ్లు పెట్టి, గాలి కదిలినా పాడవుతుందని గది బయట నుంచి టెలిస్కోప్‌తో చూశాడు. ఇప్పటికీ కష్టం అదే, విద్యుత్తుకైతే లోహపు పెట్టె అడ్డం పెట్టొచ్చు, గురుత్వానికి ఏ గోడా అడ్డు రాదు, పక్కనున్న ప్రతి వస్తువూ ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది.

మారుతోందా లేదా అని చూడటానికి అసలు విలువతో పనే లేదు. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాలకి ఇప్పటికీ లేజర్ కొట్టి దూరం కొలుస్తున్నారు. స్థిరాంకం తగ్గుతుంటే కక్ష్య పెద్దదవ్వాలి. సముద్రపు పోటు వల్ల ఏటా 3.8 సెంటీమీటర్లు జరగడాన్ని తీసేశాక, ఏడాదికి లక్ష కోట్లలో ఒక వంతు మార్పు కూడా కనపడలేదు. డిరాక్ మాటే నిజమైతే దానికి డెబ్బై రెట్లు కనపడాలి.

రాత్రిడ్యూటీ:
చంద్రుడు మన పక్కింటివాడు, అక్కడ సరిపోతే గెలాక్సీల్లో సరిపోతుందని ఏముంది? గెలాక్సీ అంచున నక్షత్రాలు నెమ్మదించాల్సింది పోయి అదే వేగంతో తిరుగుతున్నాయని 1970ల్లో ఖగోళ శాస్త్రవేత్త వెరా రూబిన్ చూపించారు. దీనికి కనపడని కృష్ణ పదార్థం కారణమనుకోవడం కన్నా, త్వరణం మరీ తక్కువైన చోట గురుత్వ సూత్రమే మారుతుందన్న భౌతిక శాస్త్రవేత్త మిల్‌గ్రామ్ మాట (1983) నాకు సూటిగా ఉంది.

లెక్కలపిచ్చి:
మంచి ప్రశ్నే, కానీ మిల్‌గ్రామ్ మార్చింది సూత్రాన్ని, స్థిరాంకాన్ని కాదు. పైగా బుల్లెట్ క్లస్టర్‌లో రెండు గెలాక్సీ గుంపులు ఢీకొన్నాక, కనపడే పదార్థంలో ఎక్కువ బరువున్న వాయువు మధ్యలో ఆగిపోయింది, వెలుగుని వంచే గురుత్వం మాత్రం పక్కలకి వెళ్లిపోయింది. సూత్రం ఒక్కటే మారిస్తే, కనపడే బరువు ఒకచోట, గురుత్వం ఇంకోచోట ఉన్న ఆ ఎడం ఎలా వచ్చిందో చెప్పడం చాలా కష్టం.

గోదారిగట్టు:
చంద్రుడి లెక్క ఒప్పుకున్నాను, డిరాక్‌ని వదిలేస్తున్నా. గెలాక్సీల దగ్గర మాత్రం, కృష్ణ పదార్థపు కణం ఒక్కటైనా పట్టుబడేదాకా రాత్రిడ్యూటీ గారి వాదన కొట్టిపారేయలేను.