తండా పంచాయతీలను తిరిగి పెద్ద ఊళ్లలో కలపాలా?

అచ్చంపేట సభ్యుడు:

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత 500కు పైగా జనాభా ఉన్న తండాలు, గూడేలు గ్రామపంచాయతీలయ్యాయి. 2019 జనవరి ఎన్నికల నాటికి రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. స్వపరిపాలనను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆర్థిక సంఘం నిధులు ప్రధానంగా జనాభాను బట్టే వస్తాయి కనుక, ఆరేడు వందల మంది ఉన్న పంచాయతీకి అందే సొమ్ము చెత్త ఎత్తే ట్రాక్టరు కిస్తీకి, డీజిల్‌కు, సఫాయి కార్మికుల జీతాలకు, కరెంటు బిల్లులకు పోగా మురుగు కాలువ కట్టుకోవడానికి మిగలడం లేదు. రెండు మూడు పంచాయతీలను కలిపితే ఒక ట్రాక్టరు, ఒక కార్యదర్శి సరిపోరా?

దేవరకొండ సభ్యురాలు:

ఖర్చుల గురించి మీరు చెప్పింది నిజమే, కానీ అందులో దూరం లెక్కకు రాలేదు. చందంపేట, నేరెడుగొమ్ము వైపు తండాలు ఊరికి ఆనుకున్న వాడలు కావు, గుట్టల నడుమ విడిగా ఉన్న ఆవాసాలు. మా తండాకు పెద్ద ఊరు నాలుగు కిలోమీటర్లు. కలిసి ఉన్న రోజుల్లో గ్రామసభ ఆ ఊరి చావడి దగ్గర జరిగేది. పొద్దున్నే పత్తి ఏరడానికి పోయే మా ఆడవాళ్లు ఒక్కనాడూ ఆ సభకు పోలేదు. బోరు మోటారు కాలిపోతే మా వార్డు మెంబరు అక్కడిదాకా పోయి అడగడం, రేపు చూద్దామని చెప్పించుకొని రావడం మామూలుగా ఉండేది. ఇప్పుడు సభ మా తండాలోనే, మా లంబాడీల గురువు సేవాలాల్ గుడి ముందర జరుగుతుంది, మా వాళ్లు మా భాషలోనే మాట్లాడతారు, కార్యదర్శి దానిని తెలుగులో తీర్మానంగా రాస్తారు. జనమంతా గిరిజనులే ఉన్న పంచాయతీలో సర్పంచ్ పదవితోపాటు వార్డులన్నీ గిరిజనులకేనని చట్టం చెబుతున్నది. పెద్ద ఊరిలో కలిపిన రోజున ఆ హామీ పోతుంది.

జనాభా సంగతి కూడా చూడండి. 2011 జనగణన ఫిబ్రవరిలో జరిగింది. మన పాలమూరులోనూ, దేవరకొండ వైపూ అది వలసల కాలం. వానకాలం పంట ఇంటికి చేరాక, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని హైదరాబాదుకో పుణెకో పోయిన కుటుంబాలు తొలకరి దాకా తిరిగి రావు. తాళం వేసిన ఇల్లు తండా లెక్కలోకి ఎక్కదు. అసలే చిన్నదైన తండా కాగితం మీద ఇంకా చిన్నదైంది. కనుక జనాభాతో నిమిత్తం లేకుండా ప్రతి పంచాయతీకీ కొంత కనీస మొత్తం ఇవ్వాలని అడగడం న్యాయం. పంచాయతీనే ఎత్తివేయడం న్యాయం కాదు.

నాగర్‌కర్నూల్ సభ్యుడు:

కలపడానికి నేనూ ఒప్పుకోను. అయితే విడదీసినప్పుడు ఇళ్లను, ఓటర్లను పంచారు గాని చెరువును ఎవరూ ఆలోచించలేదు. మా చెరువు కట్ట ఊరి శివారులో ఉన్నది, అందులోకి నీళ్లు తెచ్చే కాలువ తండా భూముల మీదుగా వస్తుంది, ఆయకట్టు ఇద్దరిదీ. ఆ కాలువ పూడిక తీయడానికి ఉపాధి హామీ కింద పని పెట్టాలంటే ఏ గ్రామసభ తీర్మానం చేయాలన్న పేచీతోనే మాకు ఒక వేసవి గడిచిపోయింది, వానలు పడ్డాక నీళ్లు కాలువ దాటి చేలల్లోకి పోయాయి. అందుకని పంచాయతీలు వేరుగానే ఉండి, రెండు గ్రామసభలూ ఏటా రోహిణి కార్తెకు ముందే చెరువు కట్ట మీద ఒకచోట కూర్చొని ఆ పనులు నిర్ణయించుకోవాలని కోరుతున్నాను.