స్టెంట్ వేశాక చలిజ్వరం: స్టెంటుకు చీము పడుతుందా?

లంక పిల్లవాడు, రాత్రి 11.40
నాలుగు గంటల నుంచి ఫోను పట్టుకుని కూర్చున్నాను, కళ్లు మండుతున్నాయి. నాన్నగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా ఉంచే సన్న జాలీ గొట్టం) వేశారు. ఇప్పుడు జ్వరం. పొద్దువాలితే చాలు, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. మలేరియా కాదన్నారు, డెంగీ కాదన్నారు, వైడల్ పరీక్షలో టైఫాయిడ్ ఉన్నట్టూ లేనట్టూ ఉందట. ఒక డాక్టరు గారు వైరల్ అన్నారు. ఇంకొకరు గుండె డాక్టరునే అడగమన్నారు, ఆయన ఫోను ఎత్తడం లేదు. దయచేసి "మంచి డాక్టరుకు చూపించండి" అని మాత్రం రాయకండి.

రాత్రి డ్యూటీ, 11.52
స్టెంట్ వేసి ఎన్ని రోజులైంది? దాన్ని లోపలికి పంపింది చేతి నుంచా, గజ్జ నుంచా?

చెరువు గట్టు, 12.05
మాది ముమ్మిడివరం వైపు, రొయ్యల చెరువులు. ముందు ఆ వైడల్ కాగితం చించి కాలువలో వేయండి. ఈ డెల్టాలో జ్వరం వస్తే చాలు వైడల్, ఆ వెంటనే సూది. రొయ్యకు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయోటిక్ మందులు నిషేధం. అవశేషం దొరికితే ఐరోపా వాళ్లు సరుకు మొత్తం వెనక్కి పంపుతారు. మనిషికి మాత్రం ఏ సూది వేశారో రాసి ఉంచే దిక్కు లేదు. రొయ్యకున్న విలువ మనకు లేదండి! మా చెరువు మందుల పుస్తకంలో తేదీలతో సహా ఉంటాయి, కావాలంటే ఫొటో పెడతాను.

లంక పిల్లవాడు, 12.11
చెరువు గట్టు గారూ, మీ పుస్తకం నాకెందుకండీ. స్టెంట్ వేసి పన్నెండు రోజులు. గజ్జ నుంచే. అది చెప్పాలని తట్టలేదు.

సూక్ష్మదర్శిని, 12.20
ల్యాబులో పనిచేస్తాను, డాక్టరును కాను. స్టెంటుకు చీము పడుతుంది, కానీ చాలా అరుదు. మనిషి గుండె రక్తనాళంలో తొలి స్టెంటు వేసింది 1986లో. దానికి సూక్ష్మజీవి పట్టిన కేసులు 1993 నుంచి వైద్య పత్రికల్లో కనిపిస్తాయి. వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ అంటారు. ఎక్కువగా స్టాఫిలోకాకస్ ఆరియస్ (స్టాఫ్ అంటారు), ఆ తరువాత సూడోమోనాస్, రెండూ బాక్టీరియాలే. జ్వరం, ఛాతీ నొప్పి ఉంటాయి. ముదిరితే నాళం గోడ మెత్తబడి బుడగలా ఉబ్బుతుంది, దాన్నే మైకోటిక్ ఎన్యూరిజం అంటారు. అరుదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ప్రాణం మీదికి వస్తుంది. బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే పరీక్ష) చేశారా?

రాజోలు మాస్టారు, 12.31
మైకోటిక్ అంటే బూజు సంబంధమైనది. మీరు చెప్పినవన్నీ బాక్టీరియా. తెలియని వాళ్లను తప్పుదారి పట్టించకండి.

సూక్ష్మదర్శిని, 12.36
మాస్టారూ, ఆ పేరు 1885లో ఆస్లర్ పెట్టింది. అప్పట్లో ఆ మాటకు అర్థం విశాలం. పేరులో బూజున్నా చాలా వరకు బాక్టీరియాయే కారణం.

రాజోలు మాస్టారు, 12.40
అయితే పేరు మార్చాలి కానీ తప్పును మోయకూడదు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను.

రాత్రి డ్యూటీ, 12.42
పేరు రేపు మార్చుకోండి. కల్చర్ చేశారా లేదా?

లంక పిల్లవాడు, 12.50
ఈ రోజే తీశారు. కానీ మూడు రోజులుగా మా ఊరి ఆర్ఎంపీ గారు రోజుకో సూది వేస్తున్నారు. ఏ మందో చీటీ ఇవ్వలేదు. గజ్జ దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, ప్లాస్టరు పట్టకనేమో అనుకున్నాం. నాన్నగారికి షుగరు కూడా ఉంది. ప్లేట్‌లెట్లు 1,10,000 అని చూసి, రక్తం పలచబడే మాత్ర ఒకటి నిన్నటి నుంచి ఆపమన్నాడు మా బాబాయి.

చెరువు గట్టు, 12.53
చెప్పానా లేదా! సూది!

సూక్ష్మదర్శిని, 12.58
యాంటీబయోటిక్ లోపలికి వెళ్లాక తీసిన కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అలాగని ఏమీ లేదని అనుకోకూడదు. రెండు మూడు వేర్వేరు చోట్ల రక్తం తీయాలి. ఆర్ఎంపీ గారి నుంచి ఆ ఖాళీ సీసా తెచ్చి డాక్టరుకు చూపించండి. ఇక ఆ మాత్రలు రక్తాన్ని పలచబరచవు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి. అందరూ తప్పుగానే...

రాత్రి డ్యూటీ, 1.02
ఆపింది క్లోపిడోగ్రెలా? బాబాయి డాక్టరా?

లంక పిల్లవాడు, 1.04
అవును, అదే. బాబాయిది కొబ్బరి వ్యాపారం.

రాత్రి డ్యూటీ, 1.06
పన్నెండో రోజున ఆ మాత్ర ఆపితే స్టెంటులో గడ్డ కట్టి మూసుకుపోవచ్చు. చీము కంటే ముందు ఆ భయం. షుగరు, గజ్జలో ఎరుపు, వణుకు. తెల్లవారే దాకా ఆగకండి. స్టెంట్ వేసిన ఆసుపత్రి క్యాజువాలిటీకి బయలుదేరండి. ఆపిన మాత్ర సంగతి అక్కడ మొదటి మాటగా చెప్పండి. వద్దన్నారని తెలుసు, అయినా రాస్తున్నాను.

రాజోలు మాస్టారు, 1.15
లెప్టోస్పైరోసిస్ గురించి ఎవరూ అడగలేదు. వరిచేలలో తిరిగే వాళ్లకు...

చెరువు గట్టు, 1.19
అది ఎలుకల వల్ల మాస్టారూ. మా చెరువు గట్ల మీద వాటి బొరియలు చూస్తే...

(ఆ తరువాత ఎలుకల బోనుల మీద పద్నాలుగు వ్యాఖ్యలు)

లంక పిల్లవాడు, మూడో రోజు మధ్యాహ్నం 2.30
కాకినాడలో ఉన్నాం. మాత్ర ఆ రాత్రే మళ్లీ మొదలుపెట్టారు. గజ్జలో చిన్న చీముగడ్డ ఉందట, కోసి తీశారు. సూదులు పడ్డా రెండు కల్చర్లలో స్టాఫ్ పెరిగింది. ఎకోలో (గుండె స్కానింగు) గుండె కవాటాలు బాగున్నాయి. స్టెంటు సంగతి సీటీ తీశాక చెబుతామన్నారు. కొన్ని వారాలపాటు నరానికి మందు ఎక్కించాలట. థాంక్స్ అండీ అందరికీ, ఛార్జింగ్ అయిపోతోంది.

చెరువు గట్టు, 2.41
ఆ ఆర్ఎంపీ వేసిన సూది పేరు తెలిసిందా?