హబ్‌కి (చక్రం బిగించే భాగానికి) అతుక్కుపోయిన బ్రేక్ డిస్క్ ఊడి రావట్లేదు
మాది ఒంగోలు దగ్గర కొత్తపట్నం, ఉప్పుగాలి ఊరు. పదకొండేళ్ల కారుకి ముందు డిస్కులు, ప్యాడ్లు ఇంట్లోనే మారుస్తున్నా. ఎడమవైపు గంటలో అయిపోయింది. కుడివైపు ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే క్యాలిపర్, దాని బ్రాకెట్ విప్పి, బ్రేక్ ఆయిల్ హోస్ మీద బరువు పడకుండా తీగతో స్ప్రింగ్‌కి వేలాడగట్టా. డిస్క్ మాత్రం కదలదు.

రాత్రంతా తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40తో నానబెట్టా, రబ్బరు సుత్తితో చుట్టూరా కొట్టా. డిస్క్‌కున్న రెండు మర రంధ్రాల్లో అది హబ్ నుంచి బయటికి నెట్టుకొచ్చేలా 8 ఎంఎం బోల్టులు పెట్టి చెరో పావు చుట్టు బిగిస్తూ వచ్చా. మూడో విడతకి ఒకటి పుటుక్కున విరిగి లోపలే ఉండిపోయింది. హబ్ అంచున ఎర్రపొడి రాలుతోందే తప్ప వెంట్రుకవాసి సందు లేదు.

పాత డిస్క్ పగిలినా బాధ లేదు, కొత్తది తెచ్చిపెట్టా. ఇనప సుత్తితో బాదితే వీల్ బేరింగ్ పోతుందనే నా భయం. బేరింగ్ దెబ్బతినకుండా ఊడాలంటే డిస్క్‌ని పట్టి లాగే మూడు కాళ్ల పుల్లర్ మేలా, గ్యాస్ మంటతో వేడి చేయడం మేలా?